గల్లీలో పెట్టిన ఎసరు

మంగళవారం పొద్దున ఎనిమిదింటికి, అన్నం వరుసలో పళ్లెం పట్టుకుని నిలబడ్డ మంజుల గోడకు ఒరిగిపోయింది. ముందు వాంతి, తర్వాత వణుకు, తర్వాత మాట లేదు. పళ్లెం మెట్ల మీదుగా దొర్లుకుంటూ కింది అంతస్తు దాకా పోయింది.

అశోక్ నగర్ గల్లీలో కిషన్ రావు నడిపే ఆడపిల్లల హాస్టల్ అది. నాలుగు అంతస్తులు, నూట ఇరవై మంది. అందరూ సర్కారు కొలువుల పరీక్షలకు చదవడానికి పల్లెల నుంచి వచ్చినవాళ్లే. వంట యశోదమ్మది, ఆమెకు చేదోడు పెంటమ్మ. ఇద్దరూ పాలమూరు దిక్కు నుంచి బతకడానికి వచ్చి కవాడిగూడ బస్తీలో ఉంటున్నారు.

పిల్లలు మంజులను ఆటోలో వేసుకుని నారాయణగూడ దవాఖానకు తీసుకుపోయారు. మధ్యాహ్నానికి ఇంకో ఎనిమిది మంది కడుపు పట్టుకుని మంచాలెక్కారు. పరీక్షకు ఇరవై రోజులు కూడా లేవు. కిషన్ రావు వచ్చి మెట్ల మీద నిలబడి అందరికీ వినబడేలా చెప్పాడు.

"బయట పానీపూరీలు తింటరు, కడుపు చెడగొట్టుకుంటరు. మా కిచెన్ల ఏం తప్పు లేదు. కావాలంటె యశోదమ్మను అడగుండ్రి."

ఎవరూ అడగలేదు. ఆమె కూడా చెప్పలేదు. కానీ ఆమెకు తెలుసు. నెల రోజులుగా వస్తున్నవి ముక్కిపోయిన బియ్యం. బస్తా విప్పితే బూజు వాసన గుప్పుమనేది. చాటలో పోసి చెరుగుతుంటే నల్ల పురుగులు మోచేతుల దాకా పాకేవి. మొదటి రోజే ఆమె ఆయనకు చూపించింది.

"సారూ, ఇవి మనుషులు తినేటివి గావు."

"నాలుగు నీళ్ల కడుగు యశోదమ్మా. ఆళ్ల ఇండ్లల్ల ఏం బాస్మతి తింటున్నరా?"

ఆమె ఎనిమిది నీళ్లు కడిగింది. పొయ్యికి పసుపు కుంకుమ పెట్టకుండా ఏనాడూ మంట ముట్టించని మనిషి. వడ్డించే ముందు ఒక మెతుకు తీసి స్వామికని పక్కన పెట్టే మనిషి. నెల రోజులుగా ఆ మెతుకు పెట్టేటప్పుడు చేయి వెనక్కి గుంజుకున్నట్టు ఉండేది. మంజుల పడిపోయిన రాత్రి ఇంట్లో దీపం పెట్టి అడిగింది: "స్వామీ, బియ్యం తెచ్చినోడు ఆయన. వండిన చెయ్యి నాది. ఈ పాపంల నా పాలు ఎంత?" స్వామి ఏమీ అనలేదు. స్వామి ఏమీ అనకపోతే జవాబు మనమే వెతుక్కోవాలని ఆమెకు చిన్నప్పటి నుంచీ తెలుసు.

బుధవారం సాయంత్రం డాబా మీద మీటింగు పెట్టారు. పిలిచింది నవనీత. ఆ హాస్టల్లో మూడేళ్లుగా చదువుతున్న పిల్ల, హాస్టల్ విద్యార్థుల సంఘంలో గట్టిగా తిరిగే పిల్ల. సంఘం నాయకుడు ప్రేమ్‌సాగర్ పక్క గల్లీ మగపిల్లల హాస్టల్ నుంచి వచ్చాడు. ఆరేసిన బట్టలు పక్కకు నెట్టి డెబ్బై మంది దాకా కూర్చున్నారు.

ప్రేమ్‌సాగర్ లేచాడు. "మన అమ్మ నాయన నాట్లేస్తె, కలుపు తీస్తె, కోతలు కోస్తె పుట్టింది బియ్యం. అది మిల్లుకు పోయి, గోదాంల ముక్కి, పురుగు పట్టి మన పళ్లెంలకే వాపసు వస్తున్నది. మధ్యల తిన్నోడెవడు? కొలువులు ఇయ్యనోడు ఒకడు, కొలువు కోసం కూసున్నోని కడుపు మీద బతికెటోడు ఇంకొకడు! మంచి బియ్యం కావాలె. కిచెన్ మీద పిల్లల కమిటీ కావాలె. అడిగినోళ్లను ఖాళీ చెయ్యమనొద్దు. ఇవి మన డిమాండ్లు."

మూలన కూర్చున్న యశోదమ్మకు ప్రతి మాటా తన మాటే అనిపించింది. తాను ఇన్నాళ్లూ మింగుకున్నవన్నీ ఈ పిల్లగాడు బయటికి తీసి పరుస్తున్నాడు. కళ్లు తడి అయ్యాయి. నవనీత ఆమెను లేపి నిలబెడితే, పురుగుల సంగతి మొత్తం చెప్పింది. డాబా అంతా చప్పట్లు.

అప్పుడు ప్రేమ్‌సాగర్ అన్నాడు: "రేపు పొద్దుగాల పదింటికి, పురుగుల అన్నం గుండిగలతో సహా తీస్కపోయి అశోక్ నగర్ చౌరస్తాల పారబోస్తం. ఛానళ్లు వస్తున్నయి. గ్రూపుల పెట్టేసిన."

మళ్లీ చప్పట్లు. ఆ చప్పట్ల మధ్య యశోదమ్మ "వద్దు బిడ్డా" అంది. ఎవరికీ వినబడలేదు. ఇంకోసారి అంది.

"ఏంది అక్కా?"

"అన్నం నడిబజార్ల పొయ్యొద్దు. అన్నం పరబ్రహ్మ స్వరూపం. మనమే దాన్ని కాళ్ల కింద ఏస్తె ఎట్ల?"

వెనక నుంచి ఎవరో కిసుక్కున నవ్వారు. "పురుగుల పరబ్రహ్మ!" అన్నారు ఇంకెవరో.

"అమ్మా, అది అన్నం కాదు, విషం" అంది నవనీత.

"విషమైతె నాతోని ఎందుకు వండిపిచ్చుడు? నేను వండనే వండను. పొయ్యి నా చేతిల ఉన్నది. ముట్టియ్యకుంటె అయిపాయె. పారబోసుడెందుకు?"

ప్రేమ్‌సాగర్ ఓపికగానే చెప్పాడు. చిన్నపిల్లలకు లెక్క చెప్పినట్టు. "ముట్టియ్యని పొయ్యి కెమెరాకు కనవడది అక్కా. జనం చూడాలె. చూస్తెనే లోకం కదులుతది."

"మీరు కొట్లాడేది కిషన్ రావుతోనా, కెమెరాతోనా?"

ప్రేమ్‌సాగర్ పిల్లల వైపు తిరిగాడు. చేతులెత్తమన్నారు. డెబ్బై చేతులు లేచాయి. యశోదమ్మ తన చేతులు రెండూ కొంగులో పెట్టుకుని కిందికి దిగింది. ఆమెకు కోపం వచ్చింది. వాళ్ల మీదనా, తన మీదనా అంటే ఆమెకే తెలియదు. మాట ఒక్కటే అయినవాళ్లు దారి దగ్గర వేరైతే, అయినవాళ్ల ఇంట్లో పరాయిదై కూర్చున్నట్టు ఉంటుంది.

గురువారం తెల్లవారుజామున ఐదింటికి హాస్టల్ ముందు ట్రాలీ ఆటో ఆగింది. కిషన్ రావు మనుషులు వంటింట్లోకి వచ్చి పాత బస్తాలన్నీ ఎత్తుకుపోయారు. వాటి జాగాలో కొత్త బస్తాలు దించారు. విప్పితే సన్నబియ్యం. పాత పంట, మల్లెమొగ్గల్లా ఉన్నాయి. గ్రూపులో పెట్టిన కబురు పిల్లల కంటే ముందు ఓనర్‌కు చేరింది.

"అక్కా, మన సారుకు పుణ్యం వచ్చిందే!" అని పెంటమ్మ సంబరపడింది.

"పుణ్యం గాదే, తెలివొచ్చింది" అంది యశోదమ్మ. చేతులు తుడుచుకుని మూడో అంతస్తుకు ఉరికింది. నవనీత అట్ట మీద ఎర్ర రంగుతో రాస్తోంది.

"బిడ్డా, బియ్యం మార్చిండు. ఇయ్యాలటియి మంచియి. ఇయ్యాల పొయ్యకుండ్రి, మీ మీదికే వస్తది."

నవనీత కుంచె ఆపి ఆమె వైపు చూసింది. ఆ చూపులో జాలి ఉంది. "అమ్మా, నీకు మనసొప్పుతలేదు, తెలుసు. మమ్మల్ని ఆపనీకి ఏదో ఒకటి చెప్తవ్."

"దేవుని తోడు బిడ్డా, కిందికి వచ్చి చూడు!"

"దేవున్ని జర పక్కకు పెట్టమ్మా. టైమైతున్నది."

పదింటికి మగపిల్లలు వచ్చి, కొత్త బియ్యంతో యశోదమ్మ వండి మూతలు కట్టిన మూడు గుండిగలు ఎత్తుకుపోయారు. ఎవరూ మూత తీయలేదు. యశోదమ్మ వాళ్ల వెనకే నడిచింది, అరుస్తూనే. డప్పు మోతలో ఆమె అరుపు కూడా నినాదాల్లో ఒకటై కలిసిపోయింది.

చౌరస్తాలో మూడు గుండిగలూ బోర్లించారు. తెల్లటి అన్నం ఆవిర్లు కక్కుతూ తారు మీద పరుచుకుంది. మెతుక్కు మెతుకు అంటకుండా, పెండ్లి విందులో అన్నంలా. పని దొరకక చౌరస్తా పక్కన కూర్చున్న కూలివాళ్లు లేచి నిలబడ్డారు. తలగుడ్డ చుట్టుకున్న ఒక ముసలామె నోటి మీద చేయి పెట్టుకుంది. ఛానలాయన మైకు ముందుకు పెట్టాడు.

"పురుగులేవి?"

ప్రేమ్‌సాగర్ వంగి చూశాడు. నవనీత మోకాళ్ల మీద కూర్చుని మెతుకులు కెలికింది. ఒక్క పురుగు లేదు.

అంతలో కిషన్ రావు కారు దిగాడు. తెల్ల లాల్చీ, నుదుట బొట్టు. చెప్పులు విడిచాడు. వంగి పిడికెడు మెతుకులు తీసి కళ్లకద్దుకున్నాడు. కెమెరా ఆయన మొహం మీదికి పోయింది. "అన్నం పరబ్రహ్మ స్వరూపం. దీన్ని కాళ్లతోని తొక్కెటోళ్లు రేపు ఆఫీసర్లయి మనల్ని ఏలుతరట" అని కండ్లు ఒత్తుకున్నాడు.

యశోదమ్మకు ఒళ్లు మండిపోయింది. తన నోటి మాట, తన తల్లి తనకు ముద్ద కలిపి పెడుతూ నేర్పిన మాట, ఆ నోట్లో పడి ముక్కిన బియ్యంలా కంపు కొట్టింది.

ఇంకా ఘోరం ఏమిటంటే, నవనీత తలెత్తి ఆమె వైపే చూసింది. "డాబా మీద నువ్వు అన్న మాటే ఆయన నోట్లకు ఎట్ల వచ్చిందమ్మా?"

సాయంత్రానికి ఆ వీడియో ఊరంతా తిరిగింది. గల్లీలోని హాస్టల్ ఓనర్ల సంఘం మీటింగు పెట్టి కిషన్ రావుకు దండ వేసింది. శుక్రవారం పొద్దున మెట్ల దగ్గర కాగితం అంటించారు. నవనీతతో కలిపి పదకొండు మంది సోమవారం లోపల రూములు ఖాళీ చేయాలి. దవాఖానలో పడుకున్న మంజుల పేరు కూడా అందులో ఉంది. వాళ్లు పోయేదాకా మెస్సు బంద్.

కిషన్ రావు యశోదమ్మను ఆఫీసు రూముకు పిలిచాడు. టేబుల్ మీద ఇంకో కాగితం ఉంది. "ఎప్పుడూ మంచి బియ్యమే వండిన అని రాసున్నది. సంతకం పెట్టు. నువ్వు భక్తురాలివి, నీ మాట అందరు నమ్ముతరు."

"అందుకే పెట్టను సారూ."

"ఏందీ?"

"నెల దినాలు ముక్కిన బియ్యం కడిగిన చేతులివి. ఆ పొద్దు గట్టిగ నిలవడి వండనని అంటె ఆ పిల్ల పడిపోకపోవు. ఒక తప్పు చేసిన, ఇంకోటి చెయ్య."

"పిల్లలు నిన్ను నా మనిషివని అనుమానపడ్డరు గదా, నువ్వు ఆళ్ల దిక్కా?"

"ఆళ్ల మాట దిక్కు" అంది యశోదమ్మ. గంటె గోడకు తగిలించి బయటికి వచ్చేసింది.

ఈ సంగతి పెంటమ్మ చెబితే విని, సాయంత్రం నవనీత కవాడిగూడ బస్తీ వెతుక్కుంటూ వచ్చింది. గడప బయటే నిలబడింది. యశోదమ్మ కూరగాయలు తరుగుతూ తల ఎత్తలేదు.

"నిన్ను అనుమానించినం అమ్మా. తప్పయింది."

"అనుమానించుడు గాదు బిడ్డా. దేవుని మాట చెప్తదని, బియ్యం మాట గూడ ఇనకపోతిరి. అది నొచ్చింది నాకు."

నవనీత మెల్లగా అడిగింది. "నీ దేవుని మాటనే గద కిషన్ రావు మా మీదికి ఇసిరింది. దానికేమంటవ్?"

యశోదమ్మ కత్తిపీట పక్కకు పెట్టింది. ఆ ప్రశ్న నిన్నటి నుంచి తనను కూడా కుడుతూనే ఉంది. "తెల్వదు బిడ్డా" అంది చివరికి. "మంచి మాటను దొంగ ఎత్తుకపోతె, మాట ఇడిసిపెడతమా, దొంగను పడతమా? లోపటికి రా. తిని పో."

శనివారం పొద్దున వడ్డన అయ్యాక, గల్లీలో వంట చేసే ఆడవాళ్లందరూ చిక్కడపల్లి వెంకటేశ్వరస్వామి గుడికి పోతారు. ఎవరూ పెట్టిన నియమం కాదు, ఎన్నో ఏళ్లుగా అట్లా జరుగుతోంది. దర్శనం చేసుకుని, గోడ నీడన కూర్చుని, పులిహోర తింటూ ఓనర్లను తిట్టుకుని పోతారు. ఆ వారం పన్నెండు మంది కూర్చున్నారు.

"ఓనర్లకు సంఘమున్నది" అంది యశోదమ్మ. "పిల్లలకు సంఘమున్నది. మనకేమున్నదే?"

"మోకాళ్ల నొప్పులున్నయి" అంది పెంటమ్మ. అందరూ నవ్వారు.

"పొయ్యి ఉన్నది. సోమవారం ఎవ్వరం ముట్టియ్యొద్దు. ఆ పదకొండు మందిని ఎల్లగొట్టనని చెప్పేదాక."

పెంటమ్మ నవ్వు ఆగిపోయింది. "నా పని పోతె మా ఇంట్ల ఎవరు పెడతరే? నావల్ల గాదు."

మగపిల్లల హాస్టల్లో వండే కురుమమ్మ ఇంకో మాట అడిగింది. "మనం ముట్టియ్యకుంటె పస్తులుండేది ఎవలు? కిషన్ రావా? ఆయన ఇంట్ల తింటడు. పరీచ్చలకు చదివే పోరగాండ్లు గాదూ? ఆకలైన పిల్లను చూసుకుంట ఊకె కూసునుడు ఏం భక్తే?"

యశోదమ్మ చేతిలోని పులిహోర పొట్లం కింద పెట్టింది. డాబా మీద పిల్లలకు తాను చెప్పిన దారిలో ఇంత పెద్ద చిల్లు ఉందని అప్పుడే తెలిసింది. వాళ్లు తన మాట వినలేదని మూడు రోజులుగా కుమిలింది, సరే. తన మాట మాత్రం తాను సరిగ్గా చూసుకుందా?

చివరికి అంది: "నువ్వన్నది నిజం కురుమమ్మా. వండుదాం. గానీ ఆళ్ల వంటింట్ల గాదు. గల్లీల. ఎవలకు ఆకలైతె ఆళ్లకు."

ఆ సాయంత్రం ఆమె సంఘం పిల్లల దగ్గరికి పోయి చెబితే, ప్రేమ్‌సాగర్‌కు ఇది నచ్చలేదు. "వంటావార్పా? మా నాయన కాలం ముచ్చట అక్కా. గంటసేపు వండుతరు, ఫొటో దిగుతరు, పోతరు. చేస్తె చౌరస్తాల చెయ్యాలె, బస్సులు ఆగాలె."

"గంటసేపు అని ఎవలన్నరు? మూడు పూటల వండుత, కాగితం చింపేదాక. బస్సుల కూలికి పోయెటోడు ఏం పాపం చేసిండు? గల్లీల సగం తొవ్వ ఇడిసిపెట్టి ఎసరు పెడత."

"ఇట్ల ఎవలకు నొప్పి కాకుంట చేస్తె రాజ్యం కదులుతదా?"

"కదిలేది రాజ్యమో కాదో నాకు తెల్వది. ఆ పదకొండు మంది కదలొద్దు. గంతే."

వాళ్లు ఒప్పుకోలేదు, కాదనలేదు. విసుగ్గా లేచిపోయారు. కానీ సోమవారం పొద్దున ఏడింటికి గల్లీలో కర్రలు మోసుకొచ్చినవాళ్లలో ప్రేమ్‌సాగర్ కూడా ఉన్నాడు.

మూడు రాళ్ల పొయ్యిలు నాలుగు. పిల్లలు ఊరి నుంచి తెచ్చుకున్న బియ్యం సంచులు దించారు. వంట ఆడవాళ్లు ఒక్కొక్కరు దోసెడు తెచ్చి పోశారు. తొమ్మిది మందే వచ్చారు. పెంటమ్మ రాలేదు. యశోదమ్మ పొయ్యికి బొట్టు పెట్టి ఎసరు పెట్టింది. అన్నం ఉడికేసరికి గల్లీ ఒక పక్కన రెండు వందల మంది బంతిలో కూర్చున్నారు. దవాఖాన నుంచి వచ్చిన మంజుల మెత్తటి అన్నంలో మజ్జిగ పోసుకుని తింటోంది. కిషన్ రావు పై అంతస్తు కిటికీ లోంచి ఫోన్ చేస్తున్నాడు.

సగం వడ్డన అయ్యేసరికి పోలీసు వ్యాను వచ్చింది.

"పర్మిషన్ ఉన్నదా? ఎవరు లీడరు?" అన్నాడు ఎస్సై.

"సగం తొవ్వ ఇడిసిపెట్టినం సారూ. ఎవలకు అడ్డం లేము" అంది యశోదమ్మ. తప్పు చేయకపోతే ఎవరూ చేయి వేయరని ఆమె నమ్మకం.

"అడ్డమో కాదో నువ్వు చెప్తవా?" ముందే పేర్లు తెలుసుకుని వచ్చినట్టు పోలీసులు ప్రేమ్‌సాగర్‌ను, నవనీతను పట్టుకున్నారు. తర్వాత ఒక మహిళా కానిస్టేబుల్ యశోదమ్మ చేతిలో గంటె తీసుకుని పక్కన పెట్టి, రెక్క పట్టి వ్యాను ఎక్కించింది.

వ్యానులో ప్రేమ్‌సాగర్ అన్నాడు: "చూసినవా అక్కా? నీ తొవ్వకు గూడ ఇదే బండి వచ్చింది."

ఆమెకు ఏడుపు, కోపం రెండూ ఒకేసారి వచ్చాయి. ఈ పిల్లగాడు ఇప్పుడు కూడా వాదన గెలవాలనే చూస్తున్నాడు. అందులో నిజం ఉందని ఆమెకు ఇంకా కోపం. "బండి ఒక్కటే బిడ్డా. ఎనకకు చూడు. బంతిల నుంచి ఎవలన్న లేసిన్రా?"

అతను వ్యాను ఇనుప జాలీ లోంచి చూశాడు. ఎవరూ లేవలేదు. కురుమమ్మ గంటె అందుకుని ఆగిన చోటు నుంచి వడ్డిస్తోంది.

ఠాణాలో బెంచీ మీద కూర్చోబెట్టారు. రైటర్ కాగితం తీసి పేర్లు రాసుకుంటున్నాడు. "రోడ్డు మీద పొయ్యి ముట్టిచ్చింది ఎవరు?"

"నేనే" అంది యశోదమ్మ. "ఆళ్లిద్దరిని ఇడిసిపెట్టుండ్రి. చదువుకునే పిల్లలు."

"నువ్వు నన్ను ఇడిపిస్తవా?" అని నవనీత గయ్యిమంది. "నువ్వు పొమ్మంటె పోతనా? ముందు నా పేరు రాయుండ్రి."

"జర ఊకోరాదే! కేసయితె కొలువు రాదు."

"నువ్వే ఊకో అమ్మా!"

ఇద్దరూ వాదులాడుకుంటుండగా గేటు దగ్గర అలికిడయింది. సెంట్రీ ఆపుతున్నాడు, ఆడవాళ్లు తోసుకుని వస్తున్నారు. ముందు పెంటమ్మ. పొద్దున రానిది, పని పోతుందని వణికినది. చెంగు నడుముకు దోపి నేరుగా రైటర్ టేబుల్ ముందుకు వచ్చి నిలబడింది.

"రెండో పొయ్యి నేను ముట్టిచ్చిన సారూ. రాసుకో. పెంటమ్మ."

"ఓ అబద్ధాలకోరుదానా, నువ్వు రానేలేదు గదనే!" అంది యశోదమ్మ.

"నువ్వు పోయినంక వచ్చిన. మస్తు మంది వచ్చిన్రు, అన్నం సాలలేదు. ఇంకో ఎసరు పెట్టిన."

ఆమె వెనక కురుమమ్మ. కురుమమ్మ వెనక గల్లీలో వండే ఆడవాళ్లందరూ, పొద్దున రానివాళ్లతో సహా మొత్తం పదకొండు మంది. నా పేరు రాయి అంటే నా పేరు రాయి అని టేబుల్ చుట్టూ మూగారు. వరుసలో నిలబడమని ఎస్సై అరుస్తున్నాడు. యశోదమ్మ బెంచీ మీది నుంచి లేచింది. తాను చెప్పింది ఇది కాదు. ఏమైనా సరే వంట ఆగొద్దని పొద్దున్నే ఒక్కొక్కరికీ చెప్పి పెట్టింది. వీళ్లూ తన మాట వినలేదు!

"అందరు ఈడికి వస్తె, ఆడ పొయ్యి ఎవలకు ఇడిసిపెట్టి వచ్చిన్రే? మాపటికి పిల్లలకెట్ల?"

"పిల్లలే వండుతున్నరు" అంది పెంటమ్మ. "మంజుల కుర్చీల కూసోని చెప్తున్నది. మగపోరగాండ్లు గంజి వంచుతున్నరు. సగం మాడగొట్టిన్రు గానీ, వండుతున్నరు."

ప్రేమ్‌సాగర్ నవ్వబోయి ఆపుకున్నాడు. యశోదమ్మ అతని వైపు చూసింది. "రేపు చౌరస్తాల కూసుందామంటవ్, నాకెరికే. నేనొప్పుకోను."

"నువ్వొప్పుకోకున్నా అంట అక్కా."

"అను. పొయ్యి కాడ నిలవడి అను."

రైటర్ పెంటమ్మ పేరు రాసి, కురుమమ్మ పేరు రాసి, ఇంటి పేర్లు అడిగాడు. కాగితం నిండిపోయింది. తలెత్తి చూస్తే వరుస ఇంకా గేటు దాకా ఉంది. ఆయన నిట్టూర్చి, సొరుగు లాగి ఇంకో కాగితం తీశాడు.